హక్కుల చట్టాలు వచ్చాకే అమెరికా నగరాలు ఎందుకు తగలబడ్డాయి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లజాతివాళ్లు అడిగినవి దక్కాయి. కానీ వాట్స్, నెవార్క్, డెట్రాయిట్ తగలబడింది ఆ తర్వాతే. అడిగింది ఇచ్చాక అంత కోపం దేనికి? దానివల్ల చివరికి ఒరిగిందేమిటి?"

నేను మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ శివార్లలో ఒక కమ్యూనిటీ కాలేజీలో అమెరికా చరిత్ర చెబుతాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మన తెలుగు పిల్లలైతే మొహమాటం లేకుండా, "ఇచ్చారుగా సార్, ఇంకేం కావాలి?" అనే అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా జవాబు: చట్టాలు వచ్చింది దక్షిణాది జబ్బుకు. తగలబడింది ఉత్తరాది, పడమటి నగరాలు. బస్సులో వెనక కూర్చోవాలనే నిబంధన, "తెల్లవారికి మాత్రమే" అనే బోర్డు, ఓటు వేయనివ్వకుండా పెట్టే పరీక్షలు, ఇవన్నీ అలబామా, మిసిసిపీ లాంటి రాష్ట్రాల సంగతి. డెట్రాయిట్‌లో, లాస్ ఏంజెలెస్‌లో అలాంటి బోర్డులు లేవు. అక్కడ నల్లజాతివాళ్లు ఎప్పటినుంచో ఓటు వేస్తూనే ఉన్నారు. వాళ్లను నొక్కేసినవి ఇల్లు, ఉద్యోగం, పోలీసు. ఈ మూడింటిలో మొదటిదాన్నీ మూడోదాన్నీ ఆ రెండు చట్టాలు దాదాపు ముట్టుకోలేదు. ఉద్యోగం గురించి 1964 చట్టంలో ఉంది కానీ, ఫ్యాక్టరీయే ఊరు దాటి వెళ్లిపోతే ఆ చట్టం చేసేదేమీ లేదు.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడండి. పౌరహక్కుల చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1964 జూలై 2న. రెండు వారాలకే న్యూయార్క్‌లో డ్యూటీలో లేని ఒక పోలీసు అధికారి పదిహేనేళ్ల కుర్రాణ్ని కాల్చి చంపడంతో హార్లెం భగ్గుమంది. ఓటుహక్కు చట్టం మీద సంతకం 1965 ఆగస్టు 6న. అయిదు రోజులకు, ఆగస్టు 11న, లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ అంటుకుంది. ఆరు రోజులు, 34 మంది మృతులు, సుమారు నాలుగు వేల అరెస్టులు, 4 కోట్ల డాలర్ల నష్టం. ఆ సమయంలో టెక్సస్‌లో తన రాంచ్‌లో ఉన్న జాన్సన్ కొంతసేపు సొంత సహాయకుడి ఫోన్లు కూడా ఎత్తలేదు. ఇంత చేశాను, ఇదేమిటి అని ఆయనకూ అర్థం కాలేదు. కాబట్టి మీ ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. అప్పట్లో వైట్‌హౌస్ వేసుకున్న ప్రశ్నే అది.

అలాగని చట్టాలు పనిచేయలేదనుకోవద్దు. దక్షిణాదిలో బాగా పనిచేశాయి. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతివాళ్లు చట్టానికి ముందు 6.7 శాతం. 1967 నాటికి అది 60 శాతం దగ్గరికి వచ్చింది. రెండేళ్లలో అంత మార్పు చరిత్రలో అరుదు. డెట్రాయిట్ పౌరుడికి మాత్రం దీనివల్ల కొత్తగా చేతికొచ్చింది చాలా తక్కువ. 1967 నాటికే ఆ నగరం నుంచి అమెరికా పార్లమెంటులో, అంటే కాంగ్రెస్‌లో, ఇద్దరు నల్లజాతి సభ్యులున్నారు. మేయర్ జెరోమ్ కావనా 1961లో నల్లజాతి ఓట్లతోనే గెలిచాడు. పత్రికలు డెట్రాయిట్‌ను ఆదర్శ నగరమని పొగిడేవి.

ఈ తేడా క్లాసులో చెప్పాల్సి వస్తే నేను రోజా పార్క్స్ దగ్గర మొదలుపెడతాను. 1955 డిసెంబర్ 1న అలబామాలోని మాంట్‌గోమరీలో బస్సు సీటు ఖాళీ చేయనన్న ఆవిడ అందరికీ తెలుసు. ఆ తర్వాత 381 రోజుల బస్సు బహిష్కరణా తెలుసు. గెలిచాక ఆవిడ ఏమైందో చాలామందికి తెలియదు. ఉద్యోగం పోయింది, చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 1957లో భర్తతో, తల్లితో కలిసి డెట్రాయిట్ వచ్చేసింది. 1965 నుంచి కాంగ్రెస్ సభ్యుడు జాన్ కాన్యర్స్ ఆఫీసులో పనిచేసింది. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది ఇళ్ల గోడు, ఉద్యోగాల గోడు. 1967లో మంటలు మొదలైన చోటికి ఆవిడ ఇల్లు సుమారు మైలు దూరం. ఆ గొడవల్లో భర్త రేమండ్ మంగలి షాపును కూడా దోచేశారు. బస్సు పోరాటంలో నెగ్గిన మనిషే, ఆ నెగ్గుడు పనికిరాని ఊళ్లో మళ్లీ మొదటినుంచి పోరాడాల్సి వచ్చింది. డెట్రాయిట్ గురించి ఆవిడకు గొప్ప అభిప్రాయమేమీ లేదు. దక్షిణాదికీ దీనికీ పెద్ద తేడా కనబడలేదనే చెప్పుకునేది.

ఇక ఇళ్ల సంగతి. అసలు కథంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పోలీసుల గురించి ఎక్కువమంది మాట్లాడతారు, ఎందుకంటే అది కెమెరాకు చిక్కుతుంది. ఇంటి లోను కెమెరాకు చిక్కదు.

1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వం ఇళ్ల రుణాల కోసం రెండు సంస్థలు పెట్టింది. 1933లో పెట్టిన మొదటి సంస్థ నగరాల పటాలు గీయించి, ప్రతి పేటకూ గ్రేడు ఇచ్చింది. 'ఎ' గ్రేడుకు ఆకుపచ్చ, 'బి'కి నీలం, 'సి'కి పసుపు, 'డి'కి ఎరుపు. నల్లజాతివాళ్లు ఉన్న పేటలు దాదాపు అన్నీ ఎరుపే. 1934లో వచ్చిన రెండోదాన్ని ఎఫ్‌హెచ్‌ఏ అంటారు. అది నేరుగా అప్పు ఇవ్వదు, బ్యాంకు ఇచ్చిన అప్పుకు పూచీ పడుతుంది. ఆ పూచీ ఉంటే కొద్దిపాటి డౌన్ పేమెంటుతో ఇరవై, పాతికేళ్ల వాయిదాల మీద ఇల్లు వస్తుంది. లేకపోతే బ్యాంకు మొహం కూడా చూడదు. నల్లజాతివాళ్లున్న పేటకు, ఆ పేటకు ఆనుకుని ఉన్నచోటికి కూడా పూచీ ఇవ్వకూడదని ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనల్లోనే ఉంది. ఇంటర్నెట్‌లో తిరిగే ఎర్రరంగు పటాలే సర్వస్వం అన్నట్టు కొందరు రాస్తారు, అది అతి. ఆ పటాలను ఎంతమంది బ్యాంకర్లు నిజంగా చూశారనే దాని మీద చరిత్రకారుల మధ్య వాదన ఉంది. ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనల గురించి మాత్రం వాదన లేదు, అవి అచ్చులో ఉన్నాయి.

దీనికి కంటికి కనబడే సాక్ష్యం డెట్రాయిట్‌లో ఇప్పటికీ ఉంది. ఎయిట్ మైల్ రోడ్డుకు దక్షిణాన బిర్‌వుడ్ వీధి ఇళ్ల పెరళ్ల వెనక ఒక కాంక్రీటు గోడ. ఆరడుగుల ఎత్తు, అడుగు మందం, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డరు అక్కడ తెల్లవాళ్ల కోసం ఇళ్లు కడదామనుకున్నాడు. పక్కనే నల్లజాతి పేట ఉందని ఎఫ్‌హెచ్‌ఏ పూచీ ఇవ్వనంది. మధ్యలో గోడ కట్టి చూపించాడు, పూచీ వచ్చేసింది. గోడకు అటుపక్కవాడికి చవకగా లోను, ఇటుపక్కవాడికి సున్నా. నేను పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తుంటాను. పార్కు దగ్గర కొంత భాగం మీద రంగురంగుల బొమ్మలు వేశారు, మిగతాది ఉత్త బూడిదరంగు సిమెంటు. ఎక్కి దూకలేనంత ఎత్తేం కాదు, ఆరడుగులే. చూసినవాళ్లు ముందు "ఇంతేనా?" అంటారు. నిజమే, అది మనిషిని ఆపడానికి కట్టింది కాదు, ఫైలు కదలడానికి కట్టింది. ఇప్పుడు రెండు పక్కలా ఉన్నది ఎక్కువగా నల్లజాతివాళ్లే.

ఇంకోటి, ఇంటి దస్తావేజుల్లో రాసుకున్న షరతులు. నాకు తెలిసిన ఒక తెలుగాయన పాత పేటలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇల్లు కొన్నాడు. టైటిల్ కాగితాలు తిరగేస్తూ రాత్రిపూట ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇదేంటండీ, కాకేషియన్లు తప్ప ఎవరూ ఈ ఇంట్లో ఉండకూడదని రాసుంది, కొనొచ్చా నేను?" అని. కొనొచ్చు, 1948లోనే సుప్రీంకోర్టు ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని తేల్చేసింది. ఆ తీర్పులో కలిపి విన్న కేసుల్లో ఒకటి డెట్రాయిట్‌దే. సీబాల్ట్ వీధిలో ఇల్లు కొన్న మెగీ దంపతుల్ని ఇరుగుపొరుగు కోర్టుకీడ్చారు. తీర్పు వచ్చినా పాత కాగితాల్లోంచి ఆ వాక్యం ఎవరూ చెరపలేదు. మనవాడికి ఇంకో సందేహం వచ్చింది: మనం కాకేషియన్లమా కాదా? 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సుప్రీంకోర్టులో ఈ వాదనే చేశాడు. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు జనం లెక్కలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది కోర్టు. అంటే 1940లో అయితే ఆ ఇల్లు మనవాడికీ దక్కేది కాదు.

ఈ సందర్భంలో మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే వలస కోటా. దేశాలవారీ కోటాలు ఎత్తేసిన చట్టం మీద జాన్సన్ సంతకం చేసింది 1965 అక్టోబర్ 3న, స్వేచ్ఛా ప్రతిమ దగ్గర. జాతి వివక్ష మీద ఆ ఏడాది ఉన్న ఊపులోనే అదీ గట్టెక్కింది. సెనేట్‌లో దాన్ని ప్రవేశపెట్టింది మిషిగన్ సెనేటరు ఫిలిప్ హార్ట్. ఆ దారిన వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువమంది ఇక్కడ శివార్లలోనే ఇళ్లు కొనుక్కున్నారు. ఉద్యోగాలు అప్పటికే శివార్లకు పోయాయి మరి.

ఉద్యోగాలు పోవడం 1967 తర్వాత మొదలైంది కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "అల్లర్ల వల్లే డెట్రాయిట్ నాశనమైంది" అనే మాట ఇక్కడ తరచుగా వినబడుతుంది. 1947, 1963 మధ్య డెట్రాయిట్ నగరంలో లక్షకు పైగా ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ 1956లో మూతపడింది. జనాభా 1950లో 18.5 లక్షలు, 1960లో 16.7 లక్షలు, 1970లో 15.1 లక్షలు. అంటే అగ్గిపుల్ల గీయకముందే తెల్లవాళ్లు శివార్లకు కదిలిపోతున్నారు. కొత్త ఫ్యాక్టరీలు శివార్లలో కట్టారు, వెళ్లడానికి ఫ్రీవేలు వేశారు. నల్లజాతివాడికి అక్కడ ఇల్లు ఇవ్వరు, సరైన బస్సు ఉండదు.

ఆ ఫ్రీవేల కోసం పగలగొట్టింది ఎవరి ఇళ్లనుకున్నారు? డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్ అనే పేట, దాని నడుమ హేస్టింగ్స్ వీధి. నల్లజాతివాళ్ల కొట్లు, చర్చిలు, సంగీతం క్లబ్బులు అన్నీ అక్కడే. పట్టణ పునరుద్ధరణ పేరుతో పేట నేలమట్టమైంది, హేస్టింగ్స్ వీధి మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. అద్దెకున్నవాళ్లకు చేతిలో పడింది ఏమీ లేదు. వాళ్లలో చాలామంది చేరింది 12వ వీధికి. ఒక కుటుంబానికి కట్టిన వాటాలో రెండు మూడు కుటుంబాలు. డెట్రాయిట్ మంటలు మొదలైంది ఆ వీధిలోనే.

మూడోది పోలీసు. నగరంలో మూడో వంతుకు పైగా నల్లజాతివాళ్లు, పోలీసుల్లో వాళ్ల వాటా అయిదు శాతం దాకా. "బిగ్ ఫోర్" అని ఒక పోలీసు కారు తిరిగేది, అందులో నలుగురు భారీ మనుషులు. రోడ్డు మీద కుర్రాళ్లు గుంపుగా నిలబడితే ఆపడం, తిట్టడం, గోడకు ఆనించి జేబులు తడమడం. పాత డెట్రాయిట్ నల్లజాతి మగాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు ఆ రాత్రి. 1967 జూలై 23, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి కాస్త ముందు. 12వ వీధీ, క్లెయిర్‌మౌంటూ కలిసేచోట ఒక ప్రింటింగ్ షాపు పైన లైసెన్సు లేని బారు. పోలీసులు ఓ పాతికమంది ఉంటారనుకుని దాడి చేస్తే ఎనభైమందికి పైగా ఉన్నారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇద్దరు సైనికులకు పార్టీ జరుగుతోంది. అందరినీ అరెస్టు చేశారు. అంతమందిని ఎక్కించడానికి వ్యాన్లు చాలక, మళ్లీ మళ్లీ తిప్పుతూ ఓ గంట పట్టింది. ఎండాకాలం, ఇళ్లలో ఉక్కపోత, జనం వీధిలోనే ఉన్నారు. గుంపు పెరిగింది, ఎవరో సీసా విసిరారు. చివరి పోలీసు కారు వెళ్లిపోయాక కొట్ల అద్దాలు పగలడం మొదలైంది. జాన్ కాన్యర్స్ స్వయంగా వచ్చి, కారు మీదకెక్కి మైకులో ఇళ్లకు వెళ్లండని బతిమాలాడు, ఎవరూ వినలేదు. రోజా పార్క్స్‌కు పని ఇచ్చిన కాన్యర్స్ ఈయనే.

చివరికి అమెరికా సైన్యంలోని 82వ, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ల సైనికులు డెట్రాయిట్‌లో దిగారు. 43 మంది చనిపోయారు, అందులో 33 మంది నల్లజాతివాళ్లు. ఎక్కువమంది పోయింది పోలీసుల, నేషనల్ గార్డు (రాష్ట్రాల రిజర్వు సైన్యం) తూటాలకే. ఒక అపార్ట్‌మెంట్ కిటికీలో సిగరెట్ వెలిగించిన మెరుపు చూసి, తుపాకీ అనుకుని గార్డులు ట్యాంకు మీది మెషిన్‌గన్ పేల్చారు. లోపల నాలుగేళ్ల పాప చనిపోయింది. ఆల్జియర్స్ మోటెల్‌లో ముగ్గురు కుర్రాళ్లను చంపిన కేసులో ఒక్క పోలీసుకూ శిక్ష పడలేదు. కోర్టుల మీద నమ్మకం లేక ఆ ఆగస్టులో స్థానికులు ఒక చర్చిలో ప్రజా న్యాయస్థానం పెట్టుకున్నారు. అందులో జ్యూరీగా కూర్చున్నవాళ్లలో రోజా పార్క్స్ ఒకరు.

నా క్లాసులో ఒకసారి ఒక పెద్దావిడ చేరింది, నర్సుగా రిటైరయింది. 1967లో స్కూలుపిల్ల, ఇల్లు 12వ వీధికి రెండు సందుల అవతల. వాళ్లమ్మ వీధి చివర కొట్లో వాయిదాల మీద సోఫా కొందట, వడ్డీ మీద వడ్డీతో అప్పు ఎప్పటికీ తీరేది కాదు. కొట్టుతోబాటు ఖాతా పుస్తకమూ తగలబడింది. "అమ్మ మొదటి నెల సంతోషపడింది. ఆ తర్వాత కూరగాయలకు కూడా రెండు బస్సులు మారాల్సొచ్చింది. ఆ కొట్లు మళ్లీ తెరవలేదు." అని చెప్పింది. అల్లర్లు మంచివా చెడ్డవా అని వాదించే కుర్రాళ్లు ఆ రోజు కాసేపు నోరు మూసుకున్నారు.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. పేదరికం వల్లే తగలబెట్టారు అనేయకండి. అలాగైతే తగలబడాల్సింది డెట్రాయిట్ కన్నా ఎంతో పేదదైన మిసిసిపీ. అప్పట్లో చాలామంది అన్నది "పనీపాటా లేని అలగాజనం, నిన్నగాక మొన్న దక్షిణాది నుంచి వచ్చినవాళ్లు చేశారు" అని. ఈ అల్లర్ల మీద విచారణకు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ దీన్ని పరిశీలించి అది తప్పని తేల్చింది. వీధిలోకొచ్చినవాడు ఎక్కువగా ఆ నగరంలోనే పుట్టి పెరిగినవాడు, రాని పొరుగువాడికన్నా కాస్త ఎక్కువే చదువుకున్నవాడు, చదువుకు తగ్గ పని దొరకనివాడు. కుట్ర ఉందేమోనని కూడా వెతికారు, దొరకలేదు. అలాగే ఆ వీధుల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దేనిలోనూ పాలుపంచుకోలేదన్నది మరవకూడదు.

దక్షిణాదిలో అసలేమీ జరగలేదనీ కాదు. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో బాంబుల తర్వాత గొడవలయ్యాయి. మొత్తం మీద మాత్రం నేను చెప్పిన తేడా నిలుస్తుంది.

వాట్స్ గురించి అడిగారు కాబట్టి ఒక్కమాట. ఆగస్టు 11 సాయంత్రం ఒక కుర్రాణ్ని తాగి కారు నడుపుతున్నాడని హైవే పోలీసు ఆపాడు, తల్లి వచ్చింది, తోపులాట, అక్కడ మొదలైంది. అందరూ ఆ సాయంత్రం గురించే రాస్తారు. నేను తొమ్మిది నెలలు వెనక్కి వెళ్తాను. 1963లో కాలిఫోర్నియా శాసనసభ, ఇళ్ల అమ్మకంలో, అద్దెల్లో జాతి వివక్ష చూపకూడదని ఒక చట్టం చేసింది. 1964 నవంబర్‌లో ఆ రాష్ట్ర ఓటర్లు ప్రపొజిషన్ 14 అనే ప్రజాభిప్రాయ ఓటింగులో దాన్ని రద్దు చేసిపారేశారు, దాదాపు 65 శాతం ఓట్లతో. దేశమంతా జాన్సన్‌ను బ్రహ్మాండంగా గెలిపించిన అదే రోజున. అంటే వాషింగ్టన్ నుంచి హక్కులు వస్తున్నాయని టీవీలో చూస్తున్నవాడికి, పక్కింటివాడే బ్యాలెట్ మీద "నా వీధిలోకి రావద్దు" అని రాసిచ్చాడు. మీరు అడిగిన "అడిగింది ఇచ్చాక" అన్నదానికి జవాబు ఆ బ్యాలెట్‌లో ఉంది. కోర్టులు తర్వాత ఆ ప్రపొజిషన్‌ను కొట్టేశాయి, కానీ అప్పటికి వాట్స్ కాలిపోయింది.

మార్టిన్ లూథర్ కింగ్‌కు ఈ సంగతి వాట్స్ వెళ్లి చూశాక బాగా తలకెక్కింది. 1966 జనవరిలో చికాగోలో నల్లజాతి పేదలుండే వాడలో అద్దె ఇంట్లో దిగాడు, ఇళ్ల వివక్ష మీద ఊరేగింపులు మొదలుపెట్టాడు. ఆగస్టు 5న మార్క్వెట్ పార్క్ దగ్గర రాయి తగిలి కింద పడ్డాడు. మిసిసిపీ, అలబామాల్లో కూడా ఇంత ద్వేషం చూడలేదని అన్నాడు. గొంతు ఎవరూ వినని జనం మాట్లాడే భాషే అల్లరి అన్న ఆయన మాట కూడా ఆ ఏడాదిదే. ఆయన హింసను సమర్థించాడని ఆ మాటను వాడుకుంటారు, అది సరికాదు. ఆ రోజుల్లోనే అల్లర్లు చివరికి తమకే చేటనీ ఆయన చెబుతూనే ఉన్నాడు.

ఇక ఒరిగిందేమిటి? ఇక్కడ తెలివైనవాళ్లు కూడా రెండు పక్షాలుగా చీలిపోతారు. నాకు తెలిసినంతలో లెక్క ఇలా ఉంది.

కెర్నర్ కమిషన్ 1968 ఫిబ్రవరి 29న నివేదిక ఇచ్చింది. దేశం రెండు సమాజాలుగా చీలుతోంది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, వేరువేరు, అసమానం అని రాసింది. ఆ వాడల్ని సృష్టించింది తెల్లవాళ్ల సంస్థలే, నిలబెడుతున్నదీ అవేనని కూడా రాసింది. పదకొండుమంది సభ్యుల్లో ఎక్కువమంది పక్కా మధ్యేమార్గపు రాజకీయ నాయకులు. వాళ్ల నోట ఆ వాక్యం రావడమే విశేషం. నివేదిక పుస్తకంగా లక్షల్లో అమ్ముడుపోయింది. జాన్సన్ మాత్రం పట్టించుకోలేదు. వియత్నాం ఖర్చు ఒకవైపు, తన చట్టాల గురించి మంచి మాట సరిగా రాయలేదన్న అలక ఇంకోవైపు.

సరిగ్గా అయిదు వారాలకు, ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో పారిశుధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా వెళ్లిన కింగ్‌ను కాల్చి చంపారు. వందకు పైగా ఊళ్లలో మంటలు లేచాయి. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్‌కు కొద్ది దూరంలోనే పొగ. రెండేళ్లుగా కాంగ్రెస్‌లో నానుతున్న ఇళ్ల వివక్ష నిషేధ చట్టం ఏప్రిల్ 10న ప్రతినిధుల సభ దాటింది, 11న సంతకమైంది. ఆ వారం లేకపోతే అది అప్పుడు వచ్చేది కాదని నేను అనుకుంటాను. కానీ దానికి కోరలు పీకి ఇచ్చారు. ఇల్లు నిరాకరించినవాడి మీద ప్రభుత్వం గట్టిగా చర్య తీసుకునే వీలు 1988 సవరణ దాకా లేదు. పైగా అల్లర్లకు ప్రేరేపించడానికి రాష్ట్రాలు దాటితే కేంద్ర నేరమని అదే చట్టంలో ఇంకో భాగం కలిపారు. ఇల్లూ జైలూ ఒకే కాగితం మీద అన్నమాట.

చిన్న లాభాలు కొన్ని ఉన్నాయి. వాట్స్ పక్కన పెద్దాసుపత్రి లేదని విచారణ కమిషన్ రాశాక, 1972లో కింగ్ పేరుతో ఒకటి తెరిచారు. డెట్రాయిట్‌లో ఫోర్డ్ కంపెనీ నగరం లోపలికే వచ్చి మనుషుల్ని పనిలో పెట్టుకుంది. 1973లో కోల్‌మన్ యంగ్ డెట్రాయిట్ తొలి నల్లజాతి మేయర్‌గా గెలిచి, పోలీసుల్లో నియామకాలు మార్చాడు. అప్పటికి ఖజానాలో డబ్బు లేదు, అది వేరే సంగతి.

నష్టం రాజకీయాల్లో పెద్దది. 1966లోనే కాలిఫోర్నియాలో సంప్రదాయవాది రీగన్ గవర్నరుగా గెలిచాడు. 1968లో నిక్సన్ "శాంతిభద్రతలు" అంటూ గెలిచాడు. బాహాటంగా జాతి విభజన కోరిన అలబామా మాజీ గవర్నరు జార్జ్ వాలెస్‌కు దేశవ్యాప్తంగా 13.5 శాతం ఓట్లు పడ్డాయి. 1972లో ఆ వాలెస్ డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో మిషిగన్‌నే గెలిచాడు. అలబామాను కాదు సుమా, కార్ల కార్మికుల మిషిగన్‌ను. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ కలిపి చదివించడానికి బస్సుల్లో తిప్పుతారన్న భయమే దానికి కారణం. ఆ బస్సుల కేసే సుప్రీంకోర్టుకు వెళ్లింది. డెట్రాయిట్ బడుల్లో వివక్ష నిజమే, అయినా ఆ తప్పులో పాత్ర ఉందని తేలని శివారు బడుల్ని దాని పరిష్కారంలోకి లాగకూడదని 1974లో 5-4తో తేల్చింది. అంటే సరిహద్దు దాటి శివారుకు వెళ్లిపోయినవాళ్లకు చట్టం కూడా వెంట రాదని హామీ దొరికినట్టయింది. నన్నడిగితే డెట్రాయిట్‌ను 1967 కన్నా ఈ తీర్పే ఎక్కువ దెబ్బతీసింది. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, కింద రాయండి, మాట్లాడుకుందాం.

1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లు కూడా ఇలాంటివేనా అని కామెంట్లలో ఎవరో అడిగారు. కొంత అవును. పోలీసులు, కోర్టు తీర్పు ఉన్నాయి. కానీ అందులో కొరియన్ల కొట్లు, స్పానిష్ మాట్లాడే కుర్రాళ్లు, అప్పటికి పూర్తిగా మారిపోయిన నగరం ఉన్నాయి. దీనిలో ఇరికించి రాస్తే రెండూ చెడతాయి. విడిగా ప్రశ్న వేయండి, సెమిస్టర్ పరీక్షలయ్యాక రాస్తాను.